జబ్బు వెంట వచ్చే కలత

(స్మారకోపన్యాస పాఠం)

కేన్సర్‌కు తెలుగులో రాచపుండు, పుట్టకురుపు అని పాత పేర్లున్నాయి. ఆ పేర్లు వాడుకలోంచి జారిపోయాయి గానీ, జబ్బు పేరెత్తడానికి ఉన్న జంకు పోలేదు. ఊళ్ళలో ఇప్పటికీ 'పెద్ద జబ్బు' అంటారు. పట్నాల్లో గొంతు తగ్గించి 'అదే' అంటారు. జబ్బు పేరు పలకడానికి ఇంత వెనకాడే భాషలో, జబ్బుపడ్డ మనిషి మనసు పడే కష్టానికి మాటలు కొల్లలు. బెంగ, దిగులు, గుబులు. తెలంగాణలో రంది, మనాది. ఒక్కోదానిది ఒక్కో ఛాయ. దూరమైపోయే దాని కోసం బెంగ, రాబోయే దాని గురించి గుబులు. రోజూ లోపల్లోపల నలిపేది రంది, మనిషిని మంచాన పడేసేది మనాది. ఇన్ని మాటలున్నా రోగి కేసు షీటులో వీటికి చోటు దొరకడం అరుదు. గడ్డ కొలత, స్టేజీ, రక్తకణాల లెక్క, బీపీ, బరువు అన్నీ రాస్తారు. రాత్రి నిద్ర పట్టిందా, మనసులో ఏం మెదులుతోంది, ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకుంటున్నారా అనే వాటికి గడులు ఉండవు.

ఈ కష్టాన్ని కేన్సర్ వైద్యంలో 'డిస్ట్రెస్' అంటారు. మనసులోంచి, నలుగురిలో మెలగడంలోంచి, దైవం మీది నమ్మకంలోంచి, ఒంటి బాధల్లోంచి పుట్టి, జబ్బునూ చికిత్సనూ తట్టుకునే శక్తిని తగ్గించేదంతా దాని కిందికి వస్తుంది. ఒక కొసన ఎవరికైనా సహజంగా కలిగే భయం, ఏడుపు, దిక్కుతోచనితనం ఉంటాయి. రెండో కొసన కుంగుబాటు, ఊపిరాడనివ్వని ఆందోళన, మనుషులకు దూరమైపోవడం, బతుకు మీదే నమ్మకం సడలిపోవడం ఉంటాయి. మధ్యలో ఎక్కడా గట్టి గీత లేదు. డిస్ట్రెస్ అనే మాటను వైద్యులు ఏరి ఎంచుకున్నారు. 'సైకియాట్రిక్' అంటే తమకు పిచ్చి అంటగడుతున్నారని రోగులు జడుస్తారు, డాక్టర్లకూ అడగడానికి నోరు రాదు. డిస్ట్రెస్ ఉందా అంటే ఎవరూ నొచ్చుకోరు. తెలుగులో ఆ పని చేయగల మాట 'కలత'. మనసు కలత పడిందని ఒప్పుకోవడానికి పరువు అడ్డం రాదు.

కలత ఎందరికి జబ్బు స్థాయికి చేరుతుందో చెప్పే లెక్కలున్నాయి. అమెరికాలో మూడు కేన్సర్ కేంద్రాల్లో 215 మంది రోగులను పరీక్షించిన అధ్యయనం 1983లో వెలువడింది. వారిలో 47 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. వారిలోనూ మూడింట రెండు వంతుల మందిది పరిస్థితికి సర్దుకోలేకపోవడమే. లోతైన రుగ్మత ఉన్నవారు తక్కువ. 2011లో ముఖాముఖి పరీక్షలతో జరిగిన 94 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఆస్పత్రి రోగుల్లో కుంగుబాటు సుమారు 16 శాతం మందిలో, సర్దుబాటు రుగ్మత 19 శాతం మందిలో, ఆందోళన రుగ్మత 10 శాతం మందిలో కనిపించాయి. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. సగం కంటే ఎక్కువ మంది ఇంత పెద్ద దెబ్బనూ తమ బలంతో, తమవాళ్ళ బలంతో తట్టుకుంటున్నారు. మిగిలినవారు చిన్న సంఖ్య కారు. భారతదేశంలో 2022లో కొత్తగా కేన్సర్ బయటపడినవారు సుమారు 14 లక్షల మంది అని అంతర్జాతీయ అంచనా. వారిలో ఆరో వంతు కుంగుబాటులో ఉన్నా రెండు లక్షలు దాటతారు.

ఈ విషయం వైద్యంలోకి ఆలస్యంగా వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకు రోగికి కేన్సర్ అని చెప్పకపోవడమే దయ అనుకునేవారు. 1961లో అమెరికా డాక్టర్లను అడిగితే, వారిలో 90 శాతం మంది చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. 1979లో అదే ప్రశ్న వేస్తే 97 శాతం మంది చెప్పడమే తమ పద్ధతి అన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఒక వృత్తి అలవాటు ఇంతగా తిరగబడటం వైద్యచరిత్రలో తరచు జరిగేది కాదు. చికిత్సలు మెరుగుపడ్డాయి, బతికేవారు పెరిగారు, రోగి హక్కుల స్పృహ వచ్చింది. చెప్పడం మొదలయ్యాక, విన్న మనిషికి ఏమవుతుందనే ప్రశ్న తప్పించుకోలేనిదైంది.

ఆ ప్రశ్నను పట్టుకున్న వ్యక్తి జిమ్మీ హాలండ్. 1928లో పుట్టి టెక్సాస్ పల్లెసీమలో పెరిగిన సైకియాట్రిస్టు ఆమె. భర్త జేమ్స్ హాలండ్ కీమోథెరపీ తొలితరం వైద్యుల్లో ఒకరు. ఆయన వార్డుల్లో రోగుల శరీరం గురించి అన్నీ అడిగి రాసుకుంటున్నారనీ, మీకెలా ఉందని మనసు గురించి ఎవరూ అడగడం లేదనీ ఆమె గమనించారు. 1977లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో కేన్సర్ రోగుల కోసం ప్రత్యేక సైకియాట్రీ విభాగం ఆమె నాయకత్వంలో ఏర్పడింది. 1984లో అంతర్జాతీయ సైకో ఆంకాలజీ (కేన్సర్ రోగుల మనోవైద్యం) సంఘం, 1989లో ఆ రంగానికి తొలి పెద్ద పాఠ్యగ్రంథం ఆమె చొరవతో వచ్చాయి. 2017 డిసెంబరులో, 89వ ఏట కన్నుమూసే నాటికి, సైకో ఆంకాలజీ అనేది చాలా దేశాల్లో చదువుకుని చేరే వృత్తి అయింది.

ఆమె బృందం తెచ్చిన పనిముట్టు చూడటానికి మరీ చిన్నది. కాగితం మీద థర్మామీటర్ బొమ్మ, దాని మీద 0 నుంచి 10 వరకు అంకెలు. గత వారం రోజుల్లో మీ కలత ఎంతో చుట్టి చూపమని అడుగుతారు. పక్కనే ఒక పట్టీ: డబ్బు, ప్రయాణం, పిల్లల సంరక్షణ, భార్యాభర్తల మధ్య ఇబ్బంది, దిగులు, భయం, దైవచింతన, నొప్పి, నిద్ర, తిండి. తనకు వర్తించేవాటికి రోగి టిక్కు పెడతారు. 4 గానీ అంతకు మించి గానీ చుడితే ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. నొప్పిని పది అంకెల మీద కొలవడం అప్పటికే ఆస్పత్రుల్లో వాడుకలో ఉంది. కలతనూ అలాగే అడిగితే అది చికిత్సలో భాగమవుతుందని వారి ఆలోచన. అమెరికాలోని కేన్సర్ కేంద్రాల కూటమి దీని మీద తొలి మార్గదర్శకాలను 1999లో ప్రచురించింది. కెనడా 2004లో కలతను నాడి, ఉష్ణోగ్రత, బీపీ, శ్వాస, నొప్పి తర్వాత ఆరో ప్రాణసూచికగా గుర్తించింది.

కలత జబ్బు పొడుగునా ఒకే మోతాదులో ఉండదు. కొన్ని మలుపుల దగ్గర ఎగదన్నుతుంది. మొదటి మలుపు పేరు తెలియకముందే వస్తుంది. ముక్క తీసి పరీక్షకు పంపారు, రిపోర్టు వారంలో వస్తుందన్నారు. ఆ వారం చాలామందికి జబ్బులోకెల్లా భారమైన వారం. తెలిసిన ఆపదకు మనసు ఎదురు నిలబడగలదు; తెలియనిదానికి నిలబడే చోటు ఉండదు. రిపోర్టు చేతికొచ్చి విషయం తెలిశాక కొందరికి విచిత్రంగా స్తిమితం చిక్కుతుంది. చికిత్స మొదలయ్యాక మరి కాస్త కుదుటపడతారు, చేయాల్సిన పని కనబడుతుంది కాబట్టి.

అయితే కేన్సర్ అనే మాట విన్న తొలి రోజులు ప్రాణాపాయకరం కూడా. స్వీడన్‌లో 1991 నుంచి 2006 వరకు అరవై లక్షల మందికి పైగా ప్రజల రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2012లో వచ్చింది. కేన్సర్ అని తెలిసిన తొలి వారంలో ఆత్మహత్య ముప్పు జబ్బు లేనివారి కంటే పన్నెండు రెట్లకు పైగా ఉన్నట్టు, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు అయిదు రెట్లకు పైగా ఉన్నట్టు అందులో తేలింది. అందులో ఆ వార్త చేసిన హాని కూడా ఉంది. వార్త చెప్పడాన్ని ఒక చికిత్సగా నేర్చుకోవాలని అధ్యాపకులు పట్టుబట్టడానికి ఇదొక కారణం. తలుపు వేసి కూర్చోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో, ఎంత తెలుసుకోవాలనుందో ముందు అడగడం, చిన్న మాటల్లో చెప్పి ఆగడం, ఏడుపు వస్తే ఏడవనివ్వడం, తర్వాత ఏం చేయబోతున్నారో చెప్పి పంపడం. ఆరు మెట్లుగా ఈ పద్ధతిని 2000లో టెక్సాస్, టొరంటో వైద్యులు కలిసి రాశారు. పావుగంట పని. వరండాలో నిలబడి, ఫైలు తిరగేస్తూ చెప్పిన మాటను రోగి ఏళ్ళ తర్వాత కూడా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలరు.

చికిత్స కాలంలో కలత శరీరం మీదుగా మాట్లాడుతుంది. మూడు, నాలుగు సార్లు కీమో ఎక్కించాక కొందరికి ఆస్పత్రి గేటు కనబడగానే వాంతి వస్తుంది. స్పిరిట్ వాసన, సూది గుచ్చే నర్సు ముఖం, ఎర్ర కీమో మందును గుర్తుచేసే షర్బత్ రంగు చాలు. మందు ఒంట్లోకి ఇంకా వెళ్ళలేదు. గంట చప్పుడుకు నోరూరించుకున్న పావ్‌లోవ్ కుక్కల కథే ఇక్కడా నడుస్తుంది: వాంతికీ ఆ చోటుకూ శరీరం ముడివేసుకుంది. రోగి దాన్ని తన పిరికితనం అనుకుని సిగ్గుపడతారు. అలా ఒకసారి పట్టుకున్న వాంతిని వాంతి మాత్రలు పెద్దగా ఆపలేవు. మొదటి కీమో నుంచే వాంతిని గట్టిగా అదుపు చేయడం, కండరాలను సడలించే అభ్యాసం నేర్పడం, ముందు రాత్రి ఆందోళన తగ్గించే మాత్ర ఇవ్వడం పనిచేస్తాయి.

మనసుదని అనుకునే కష్టంలో కొంత నేరుగా మందుల వల్ల, జబ్బు వల్ల వస్తుంది. దీన్ని కనిపెట్టకపోతే మనిషికి అన్యాయం జరుగుతుంది. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ నిద్ర చెడగొడుతుంది, చిరాకు పుట్టిస్తుంది, ఆపిన తర్వాతి రెండు రోజులు నీరసంలోకి, దిగులులోకి దింపుతుంది. కొన్ని కేన్సర్లకు వాడే ఇంటర్‌ఫెరాన్ కుంగుబాటును తెచ్చిపెడుతుందని బాగా తెలిసినదే. మెడకు రేడియేషన్ పెట్టిన కొన్ని నెలలకో ఏళ్ళకో థైరాయిడ్ మందగిస్తే మనిషి మందకొడిగా, దిగులుగా మారతాడు. రక్తపరీక్షతో బయటపడేదానికి 'మనసులో పెట్టుకున్నాడు' అని పేరు పెడతారు. రక్తంలో కాల్షియం పెరిగినా, ఇన్‌ఫెక్షన్ సోకినా హఠాత్తుగా మతి తప్పి, రాత్రిపూట లేనిపోనివి చూస్తూ మాట్లాడతారు. దయ్యం పట్టిందని ఇంటివాళ్ళు హడలిపోతారు. అది డెలీరియం, చాలాసార్లు సరిచేయదగినది. నొప్పి తగ్గించకుండా కుంగుబాటును అంచనా వేయడం కూడా తప్పే. రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగిన మనిషి పొద్దున్నే చావు కోరుకుంటే, ముందు వెతకాల్సింది మార్ఫిన్ సీసా.

కుంగుబాటును గుర్తుపట్టడంలో ఇంకో చిక్కుంది. ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం, ఓపిక లేకపోవడం మామూలు మనిషిలో కుంగుబాటు గుర్తులు. కేన్సర్ రోగిలో ఇవన్నీ జబ్బు వల్లే రావచ్చు. కాబట్టి అనుభవజ్ఞులు వేరే వాటిని వెతుకుతారు. మనవడు ఒళ్ళో కూర్చుంటే సంతోషం కలుగుతోందా? ఇష్టమైన పాట వినబుద్ధవుతోందా? నేను అందరికీ భారం, నా వల్లే ఇదంతా అనే మాటలు పదేపదే వస్తున్నాయా? బాధలో ఉన్న మనిషికి మంచి కబురు చెబితే కాసేపైనా ముఖం విప్పుతాడు. కుంగుబాటులో ఉన్నవాడికి ఆ కాసేపు కూడా ఉండదు. తెలుగు రోగుల్లో చాలామంది దిగులుగా ఉందని చెప్పరు. గుండెల్లో బరువు, ఒళ్ళంతా మంటలు, తల తిమ్మిరి, దడ అంటారు. ఆ మాటల్ని స్కానింగులతో వెంటాడితే జవాబు దొరకదు.

ఏ అవయవానికి జబ్బు వచ్చిందనే దాన్ని బట్టి కలత రూపం మారుతుంది. ఈ విషయంలో నోటి కేన్సర్‌ను మించినది లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది, అడ్డపొగ అంటారు. ఆ వేడికి అంగిట్లో పుండు లేచి కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. అంగిలి తీసేశాక నోటికీ ముక్కుకూ మధ్య అడ్డు పోతుంది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలికినట్టు అస్పష్టమవుతుంది. దంతవైద్యులు అమర్చే అంగిలి పలక ఉంటే మాట, మింగడం చాలావరకు తిరిగొస్తాయి. అది అందకపోయినా, సరిగా కుదరకపోయినా ఆమె మొదట పెళ్ళిభోజనాలు మానేస్తుంది, తర్వాత అందరితో కలిసి తినడం, చివరికి మాట్లాడటమే మానేస్తుంది. దవడ తీసినవారు, నాలుక కోసినవారు, చొంగ ఆగనివారు ఇదే దారిన పోతారు. ముఖం, మాట, భోజనం: మనిషిని మనుషుల్లో ఉంచే మూడూ ఒకే జబ్బు లాక్కుంటుంది. స్వరపేటిక తీసినవారికి మాట్లాడటం మళ్ళీ నేర్పే స్పీచ్ థెరపిస్టు చేసేది మనోవైద్యం కూడా.

రొమ్ము కేన్సర్‌లో రొమ్ము పోవడం కంటే జుట్టు పోవడం ముందు బయటపడుతుంది. జడ, పూలు, పాపిట కుంకుమ ఉన్న సమాజంలో బోడితలకు వైధవ్యపు నీడ ఇంకా పూర్తిగా తొలగలేదు. వీధిలో 'తిరుపతి వెళ్ళొచ్చారా' అని అడిగితే అవునని తలూపి తప్పుకునే ఆడవాళ్ళు చాలామంది. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు రేడియేషన్ (వాడుకలో 'కరెంటు') పెట్టించుకున్న స్త్రీకి తర్వాత యోని బిగుసుకుపోతుందని, దానికి సాధనాలు, జాగ్రత్తలు ఉన్నాయని చెప్పేవారు అరుదు. అడగడానికి ఆమెకు సిగ్గు, చెప్పడానికి డాక్టరుకు తీరిక లేదు. మధ్యలో ఒక సంసారం మౌనంగా బీటలు వారుతుంది. ప్రోస్టేట్ కేన్సర్‌కు హార్మోను సూదులు తీసుకునే మగవాళ్ళు తమ మగతనం, ఓపిక, కోపం అన్నీ మారిపోయాయని ఎవరికీ చెప్పుకోరు. పొట్ట మీద మలం సంచి పెట్టుకున్నవారు పూజగదిలోకి వెళ్ళొచ్చో లేదో తేల్చుకోలేక గుమ్మం దగ్గరే నిలబడిపోతారు.

చికిత్స పూర్తయిన రోజున ఇంటిల్లిపాదీ సంబరపడుతుంది. రోగికి చాలాసార్లు అప్పుడే గుబులు మొదలవుతుంది. నెలల తరబడి ప్రతి వారం ఎవరో ఒకరు చూస్తూ వచ్చారు, ఇప్పుడు మూడు నెలల తర్వాత రమ్మన్నారు. నడుం పట్టేస్తే ఎముకకు పాకిందేమో, దగ్గొస్తే ఊపిరితిత్తులకేమో అనిపిస్తుంది. స్కానింగు తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర దూరమవుతుంది. తిరగబెడుతుందేమోననే ఈ భయం కేన్సర్ నుంచి బయటపడ్డవారు చెప్పే కష్టాల్లో అన్నిటికంటే సాధారణమైనది. మందమైపోయిన జ్ఞాపకశక్తి, తీరని అలసట దీనికి తోడవుతాయి. 'బాగైపోయింది కదా, ఇంకా ఏమిటి' అనే మాట ఈ దశలోనే ఎక్కువ వినిపిస్తుంది, ఎక్కువ గాయపరుస్తుంది. జబ్బు నిజంగా తిరగబెడితే ఆ దెబ్బ చాలామందికి మొదటిదాని కంటే పెద్దది, ఈసారి ఏం ఎదురవుతుందో తెలుసు కాబట్టి.

భారతీయ కుటుంబంలో కలతకు ఒక ప్రత్యేకమైన పుట్టిల్లు ఉంది: దాపరికం. 'మా నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు' అని కొడుకు ముందే వచ్చి అడుగుతాడు. అందులో ప్రేమ ఉంది, దాన్ని తేలిక చేయకూడదు. అయితే తండ్రికి తెలియకుండా ఉండదు. కేన్సర్ ఆస్పత్రి బోర్డు ఆయన చదివారు, పక్క మంచం మనిషికి జుట్టు రాలడం చూశారు, కోడలు వంటింట్లో ఏడవడం విన్నారు. తనకు తెలిసిన సంగతి వాళ్ళకు తెలిస్తే బాధపడతారని ఆయన తెలియనట్టు ఉంటారు. అందరికీ తెలిసిన సంగతిని అందరూ దాస్తారు. పొలం ఎవరి పేర పెట్టాలి, అప్పు ఎవరికి తీర్చాలి, ఎక్కడ కన్నుమూయాలని ఉంది అనే మాటలు ఎవరూ ఎత్తరు. బాధల ఉపశమనం చూసే పాలియేటివ్ వైద్యులు ఈ ముడిని తెంచరు, విప్పుతారు. 'ఆయనే అడిగితే ఏం చెప్పమంటారు' అని కొడుకును అడుగుతారు. 'మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు' అని తండ్రిని అడుగుతారు. చాలాసార్లు ఆయనే చెప్పేస్తారు. పిల్లల దగ్గర ఈ దాపరికం మరింత చేటు. అమ్మ ఊరెళ్ళిందని చెప్పిన ఇంట్లో ఆరేళ్ళ పిల్ల, తాను అల్లరి చేసినందుకే అమ్మ వెళ్ళిపోయిందనుకోగలదు.

డబ్బు విడిగా చెప్పవలసిన సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆపరేషను, కీమో, రేడియేషన్ ఖర్చులో పెద్ద భాగాన్ని మోస్తున్నాయి. అవి లేనినాటి దుస్థితి గుర్తున్నవారికి వాటి విలువ తెలుసు. రైలు ఛార్జీలో రోగికీ తోడు వెళ్ళేవారికీ రాయితీ ఉంది. మిగిలేది అద్దెగది, తిండి, పోయిన కూలి, మూతపడ్డ చిన్న కొట్టు, పథకంలో లేని మందులు. ఆరు వారాలు రోజూ కరెంటు పెట్టించుకోవడానికి జిల్లా నుంచి నగరానికి వచ్చిన కుటుంబం ఆ ఆరు వారాలూ రెండు చోట్ల బతకాలి. కూతురి పెళ్ళికి దాచిన డబ్బు తన ఒంట్లోకి పోతుంటే తండ్రి పడే కలతకు మాత్ర లేదు. 'నా మీద ఖర్చు దండగ' అన్న మాటను కుంగుబాటు అని రాసేముందు ఆ ఇంటి లెక్క అడగాలి. అందువల్లే కేన్సర్ ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ ఉద్యోగం అలంకారం కాదు. బస, పథకం కాగితాలు, దాతల సాయం కుదిర్చిపెట్టడంతోనే చాలామంది కలత థర్మామీటరు మీద కిందికి దిగుతుంది.

జబ్బును పాపఫలంగా చూడటం పాతది. జబ్బును మనస్తత్వ ఫలంగా చూడటం కొత్తది. ఒకటి పోయిన జన్మ కర్మ అంటుంది, మరొకటి రంది పెట్టుకున్నావు కాబట్టే వచ్చిందంటుంది. రెండూ నేరాన్ని రోగి మీదే మోపుతాయి. విడి కంచం, విడి గ్లాసు పెట్టడం మూడో శిక్ష. కేన్సర్ పక్కన కూర్చుంటే అంటుకునేది కాదు. కొత్త నింద చదువుకున్నవారి నోట మర్యాదగా వినిపిస్తుంది: పాజిటివ్‌గా ఉండు, పోరాడు, గెలుస్తావు. పోరాట స్ఫూర్తి ఉన్నవారు ఎక్కువకాలం బతుకుతారని 1979లో బ్రిటన్‌లో జరిగిన చిన్న అధ్యయనం సూచించింది. 1999లో 578 మంది రొమ్ము కేన్సర్ స్త్రీలను పరిశీలించినప్పుడు ఆ స్ఫూర్తికీ బతికే కాలానికీ సంబంధం కనబడలేదు. సామూహిక చర్చలతో ఆయుష్షు పెరుగుతుందని 1989లో వచ్చిన ఫలితం 2001 నాటి పెద్ద అధ్యయనంలో నిలవలేదు. ఆ చర్చల వల్ల దిగులు, నొప్పి తగ్గడం మాత్రం నిలిచింది. ఆ చర్చలు నడపడానికి అదే చాలినంత కారణం. హాలండ్ ఈ ధోరణిని సానుకూల ఆలోచన నిరంకుశత్వం అన్నారు. భయపడే హక్కు కూడా లేదన్న మనిషి భయాన్ని దాచుకుని ఒంటరిగా మోస్తాడు.

కలతకు చికిత్స ఉందనేది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన వాస్తవం. స్కాట్లండ్‌లో ఇరవై ఒక్క వేల మంది కేన్సర్ రోగులను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, కుంగుబాటు ఉన్నవారిలో 73 శాతం మందికి పనికొచ్చే చికిత్స అందడం లేదని తేలింది. అదే బృందం కుంగుబాటు ఉన్న 500 మందితో మరో పరీక్ష చేసింది. శిక్షణ పొందిన కేన్సర్ నర్సులు రోగితో వరుసగా కూర్చుని సమస్యలను ఒక్కొక్కటిగా విడగొట్టడం నేర్పారు; సైకియాట్రిస్టులు వెనక ఉండి పర్యవేక్షించారు, మందులు కుటుంబవైద్యులు రాశారు. ఇరవై నాలుగు వారాలకు ఆ పద్ధతిలో 62 శాతం మంది మెరుగుపడ్డారు, మామూలు పద్ధతిలో 17 శాతమే. భారతదేశానికి ఇది ఊరటనిచ్చే ఫలితం. 2015-16 జాతీయ సర్వే నాటికి లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం ఇది. మామూలు చదువుకున్న సలహాదారులకు శిక్షణ ఇస్తే, ఆరు నుంచి ఎనిమిది కూర్చునే విడతల్లో కుంగుబాటును తగ్గించగలరని గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2017లో చూపించింది. ఆ అధ్యయనం కేన్సర్ రోగులతో చేసినది కాదు. పద్ధతి మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది.

కుంగుబాటు మందుల ఎంపికలో కేన్సర్‌ను చూసుకోవాలి. రొమ్ము కేన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ శరీరంలో పనిచేసే రూపంలోకి మారాలంటే ఒక కాలేయ ఎంజైమ్ కావాలి. పారాక్సిటిన్, ఫ్లుయాక్సిటిన్ దాన్ని అడ్డుకుంటాయి. అందుకని రొమ్ము కేన్సర్ రోగులకు వెన్లాఫాక్సిన్ వంటివి మేలు, అవి ఒంటి ఆవిర్లను కూడా తగ్గిస్తాయి. తిండి సహించక, నిద్ర పట్టక కుంగినవారికి మిర్టజాపిన్ రెండు విధాలా ఉపకరిస్తుంది. ముదిరిన దశలో మాటల చికిత్సల తీరు మారుతుంది. విలియం బ్రైట్‌బార్ట్ న్యూయార్క్‌లో బతుకుకు అర్థం వెతికే చికిత్సను రూపొందించారు. హార్వే చోచినోవ్ కెనడాలో, రోగి చేత తన జీవితం చెప్పించి, రాసి, అచ్చువేసి కుటుంబానికి ఇచ్చే పద్ధతిని తెచ్చారు. 2010లో బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 151 మందిలో, మొదటి నుంచే పాలియేటివ్ వైద్యం పొందినవారిలో కుంగుబాటు లక్షణాలు 16 శాతం మందిలో ఉంటే, పొందనివారిలో 38 శాతం మందిలో ఉన్నాయి.

చావాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి చాలామంది డాక్టర్లు, బంధువులు జంకుతారు, అడిగితే ఆ ఆలోచన పుడుతుందని. అలా జరగదు, అడిగితే ఊపిరి పీల్చుకుంటారు. పల్లెల్లో పొలం పనికి తెచ్చిన పురుగుమందు డబ్బాలను అలాంటి రోగి ఇంట్లోంచి తీసేయించడం చిన్న పనిగా కనబడినా ప్రాణాలు కాపాడుతుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్‌తో 14416 నంబరులో ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

కలత అనేది రోగితో ఆగదు. మూత్రపు గొట్టం మార్చడం నేర్చుకున్న భార్య, ఉద్యోగానికి సెలవులు అయిపోయిన కొడుకు, బడి మానేసి తల్లికి గంజి కాచే పదమూడేళ్ళ పిల్ల, వీళ్ళ నిద్ర గురించి ఎవరూ అడగరు. కేరళలో 2008 నాటి పాలియేటివ్ విధానం, అంతకు ముందే మొదలైన పొరుగువారి స్వచ్ఛంద బృందాలు ఇంటికి వెళ్ళి చూడటాన్ని అలవాటు చేశాయి. వెళ్ళిన నర్సు రోగికి డ్రెస్సింగు చేశాక వంటింట్లోకి వచ్చి, చూసుకునే మనిషి తిన్నదో లేదో అడుగుతుంది.

మరణం తర్వాత తెలుగు ఇళ్ళలో పదకొండో రోజు, పన్నెండో రోజు వరకు చుట్టాలుంటారు. పెద్దకర్మ అయ్యాక ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఆస్పత్రి తిరుగుడు, మాత్రల వేళలు, రాత్రి మెలకువలు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన ఆ ఇంట్లో మిగిలిన మనిషికి చేతులు ఆడవు. దుఃఖం చాలామందిలో నెలల మీద నెమ్మదిస్తుంది. ఆరు నెలలు దాటినా రోజువారీ బతుకును నిలిపివేసేంత తీవ్రంగా ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తోంది. అటువంటివారిని ముందే కనిపెట్టడానికి కొన్ని పాలియేటివ్ బృందాలు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. చుట్టాలు వెళ్ళిపోయిన తర్వాతి వారంలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి, సంవత్సరీకం దగ్గరపడినప్పుడు మరోసారి ఆ ఇంటికి ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడుగుతారు.